ట్రమడాల్ అలవాటుకు మందులతో చికిత్స: తిరుపతి, చిత్తూరు వైపు ఎక్కడ మొదలుపెట్టాలి?

పెద్దన్న, చిత్తూరు

అందరికీ నమస్కారం. మా తమ్ముడి విషయంలో సలహా కోరి ఇది రాస్తున్నాను. అతడు టెంపో నడుపుతాడు. మామిడి కాలంలో తోటల నుంచి తోతాపురి కాయను గుజ్జు ఫ్యాక్టరీలకు తోలడం, మిగతా నెలల్లో దొరికిన బాడుగకు పోవడం అతడి పని. మొగిలి ఘాటులో జరిగిన ప్రమాదంలో కాలి ఎముక విరిగితే ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. అప్పుడు నొప్పికి రాసిచ్చిన ట్రమడాల్ బిళ్ళలు ఎముక అతుక్కున్న తరువాత కూడా ఆగలేదు. మొదట నొప్పి కోసమన్నాడు, తరువాత రాత్రి బండి నడిపేటప్పుడు అలుపు తెలియకుండా ఉండడానికన్నాడు, ఇప్పుడు కారణం చెప్పడం కూడా మానేశాడు. డాక్టరు చీటీ లేకుండా ఎవరి దగ్గర తెచ్చుకుంటున్నాడో మాకు తెలియదు. సంపాదనలో పెద్ద భాగం వాటికే పోతున్నదని మాత్రం తెలుసు.

మానాలని అతడికీ ఉంది. కాణిపాకం తీసుకుపోయి, కోనేటిలో స్నానం చేయించి, స్వామి ముందు ప్రమాణం చేయించాము. అతడు మనస్ఫూర్తిగానే చేశాడు. ఇంటికి వచ్చి తలుపు వేసుకుని పడుకున్నాడు. మరుసటి రోజుకే ఆవులింతలు, ముక్కు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, కాళ్ళు పీకడం, విరేచనాలు మొదలయ్యాయి. కంటి మీద కునుకు లేదు. ఆ తరువాత ఫిట్స్ వచ్చి పడిపోతే ఆసుపత్రికి పరుగెత్తాము. అక్కడ సెలైన్ పెట్టి, ఇంజెక్షన్ వేసి, తగ్గాక ఇంటికి పంపించారు. వారం తిరగకముందే మళ్ళీ బిళ్ళలు మొదలుపెట్టాడు.

బంధువు ఒకాయన ఒక ప్రైవేటు కేంద్రం గురించి చెప్పాడు. మూడు నెలలు లోపలే ఉంచుతారట, ఫోను ఇవ్వరట, ఇంటివాళ్ళను కలవనివ్వరట, డబ్బు మొత్తం ముందే కట్టాలట. ఏ మందు ఇస్తారని అడిగితే, అదంతా మేము చూసుకుంటాం సార్ అన్నారే తప్ప సరైన జవాబు చెప్పలేదు. ఈలోగా బెంగళూరులో ఉన్న స్నేహితుడు బుప్రెనార్ఫిన్ అనే మందు ఉందని, దానిని నాలుక కింద పెట్టుకుంటే ఈ బాధలు లేకుండా మానవచ్చని చెప్పాడు. మా ఊరి మెడికల్ షాపులో అడిగితే అలాంటిది తాము అమ్మమన్నారు.

ఈ చికిత్స మన వైపు దొరుకుతుందా, ముందుగా ఎక్కడికి పోవాలి అన్నది నా మొదటి ప్రశ్న. ఒక మత్తు మాన్పించడానికి ఇంకొక మత్తు అలవాటు చేయడం కాదా అని మా నాన్న అడుగుతున్నాడు, దానికి నా దగ్గర జవాబు లేదు. చీటీ లేకుండా బిళ్ళలు కొన్న సంగతి ఆసుపత్రిలో చెబితే పోలీసు కేసు అవుతుందేమోనని తమ్ముడు భయపడుతున్నాడు. పెళ్ళి సంబంధాలు చూస్తున్న సమయంలో పేరు బయటికి వస్తుందేమోనని అమ్మ భయం. తెలిసినవారు చెప్పగలరు.

విశ్రాంత నర్సు, తిరుపతి

పెద్దన్న గారికి నమస్కారం. ప్రభుత్వ ఆసుపత్రుల మానసిక వైద్య విభాగాలలో చాలా ఏళ్ళు పనిచేశాను కాబట్టి తెలిసినంత వివరంగా రాస్తాను. అన్నిటికంటే ముందుగా ఒక మాట: డాక్టరును కలిసే వరకు అతడిచేత బిళ్ళలు ఒక్కసారిగా మాన్పించకండి. ట్రమడాల్ మిగతా నల్లమందు జాతి మందుల వంటిది మాత్రమే కాదు. అది మెదడులో సెరటోనిన్, నార్ఎపినెఫ్రిన్ అనే రసాయనాలను కూడా కదిలిస్తుంది. అందువల్ల ఎక్కువ మోతాదులో వాడేవారికి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. హఠాత్తుగా ఆపినప్పుడు ఒళ్ళునొప్పులు, విరేచనాలతో పాటు విపరీతమైన ఆందోళన, ఒంట్లో కరెంటు షాక్ కొట్టినట్టు ఉండడం కూడా చూశాను. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్న మనిషిని గదిలో పెట్టి తాళం వేయడం చికిత్స కాదు, ప్రాణం మీదికి తెచ్చుకోవడం. రోజుకు ఎన్ని బిళ్ళలు, ఎన్ని మిల్లీగ్రాములవి, వాటితో పాటు నిద్రమాత్రలు గానీ మద్యం గానీ ఉన్నాయా అన్నది అతడిని కోప్పడకుండా అడిగి రాసిపెట్టుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే.

ఇక ఎక్కడికి అన్న ప్రశ్న. మీరు చేరవలసింది మానసిక వైద్య విభాగానికి. తిరుపతిలో రుయా ఆసుపత్రి శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాలకు అనుబంధ ఆసుపత్రి కాబట్టి అక్కడ ఆ విభాగం ఉంది, ప్రభుత్వ ఆసుపత్రి కాబట్టి ఖర్చు భయమూ లేదు. స్విమ్స్ ఆవరణలో శ్రీ పద్మావతి మహిళా వైద్య కళాశాల ఉంది, అక్కడ కూడా అడిగి చూడవచ్చు. చిత్తూరులోనే మొదలుపెట్టదలిస్తే జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుడు కూర్చునే రోజులు కనుక్కుని పోవచ్చు. పెద్ద స్థాయి వైద్యం కావాలంటే, నిజానికి చిత్తూరు వారికి తిరుపతి కంటే వెల్లూరే దగ్గర. సీఎంసీ వారి మానసిక ఆరోగ్య కేంద్రం వెల్లూరు పక్కన బాగాయంలో 1957 నుంచి ఉంది, చేర్చుకుంటే కుటుంబ సభ్యుడు ఒకరు రోగితో పాటే ఉండే పద్ధతి అక్కడ మొదటి నుంచీ నడుస్తున్నది. పలమనేరు, కోలారు మీదుగా బెంగళూరు పోగలిగితే నిమ్‌హాన్స్‌లో వ్యసనాల చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది.

అయితే ఆసుపత్రి పేరు కంటే ముఖ్యమైనది మీరు అక్కడ అడగవలసిన ప్రశ్న, ఎందుకంటే డీఅడిక్షన్ అన్న బోర్డు మన ఊళ్ళలో ఎక్కువగా మద్యం మాన్పించే చోటే ఉంటుంది. అక్కడ ఓపియాయిడ్ల (ట్రమడాల్ వంటి నల్లమందు జాతి మందుల) అలవాటుకు చికిత్స కూడా జరుగుతుందని అనుకుని పోతే నిరాశ తప్పదు. బయలుదేరే ముందు ఫోను చేసి, ట్రమడాల్ అలవాటుకు బుప్రెనార్ఫిన్ ఇచ్చే ఏర్పాటు మీ దగ్గర ఉందా, రాసేది మానసిక వైద్యుడేనా, చేర్చుకోకుండా ఓపీలోనే మొదలుపెడతారా, బాధలు తగ్గిన తరువాత కూడా నెలల తరబడి మందు కొనసాగిస్తారా అని ఈ మాటల్లోనే అడగండి. లేదన్నా ఫరవాలేదు, అది ఉన్న చోటు ఏదో వారినే చెప్పమనండి. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ నిధులతో దేశంలో అనేక ప్రభుత్వ ఆసుపత్రుల లోపలే అడిక్షన్ ట్రీట్‌మెంట్ ఫెసిలిటీ పేరుతో ఉచితంగా మందులిచ్చే క్లినిక్కులు నడుస్తున్నాయి, వాటిని ఎయిమ్స్ వారి ఘాజియాబాద్ కేంద్రం సమన్వయం చేస్తున్నది. మీకు దగ్గరలో ఏది ఉందో అదే శాఖ ఉచిత హెల్ప్‌లైన్ 14446కు ఫోను చేస్తే చెబుతారు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇంజెక్షన్ ద్వారా తీసుకునేవారికైతే ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం కింద ఓఎస్‌టీ కేంద్రాలు (మత్తు మందుకు బదులు వైద్యుల పర్యవేక్షణలో మందు ఇచ్చేవి) వేరుగా ఉన్నాయి, మీ తమ్ముడికి ఆ దారి అవసరం లేదనుకుంటాను.

మీ నాన్నగారి ప్రశ్న చాలా ఇళ్ళలో విన్నాను. హెరాయిన్ గానీ, ట్రమడాల్ గానీ, టాపెంటడాల్ అనే నొప్పి బిళ్ళ గానీ, మెదడులో ఒకే రకం గ్రాహకాలను, అంటే మందు అంటుకుని పనిచేసే చోట్లను, పట్టుకుంటాయి. అలవాటు పడ్డ తరువాత ఆ గ్రాహకాలు ఖాళీ అయితే శరీరం తట్టుకోలేదు, మీరు రాసిన ఆవులింతలు, విరేచనాలు అందుకే. బుప్రెనార్ఫిన్ ఆ గ్రాహకాలను గట్టిగా పట్టుకుంటుంది, కానీ సగం మాత్రమే పని చేయిస్తుంది, ఒక స్థాయి దాటి ఎంత వేసుకున్నా దాని ప్రభావం అదే లెక్కన పెరగదు. రోజుకు ఒకసారి వేసుకుంటే చాలు. బాధ ఉండదు, కోరిక తగ్గుతుంది, మధ్యలో ట్రమడాల్ వేసుకున్నా మునుపటి మత్తు రాదు. పొద్దున లేవగానే బిళ్ళ కోసం వెతుకులాట, అప్పు, అబద్ధం ఆగిపోతాయి, మనిషి బాడుగకు పోగలుగుతాడు. శరీరం మందు మీద ఆధారపడి ఉండడం నిజమే, ఆ మాట దాచవలసిన పని లేదు. కానీ వ్యసనమంటే జీవితం ఆ బిళ్ళ చుట్టూ తిరగడం, ఈ మందు ఆ తిరుగుడును ఆపుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే ఇదే చికిత్సకు వాడే మెథడోన్ అనే మందుతో పాటు దీనిని అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

మెడికల్ షాపులో ఎందుకు దొరకలేదంటే, బుప్రెనార్ఫిన్ మాదకద్రవ్యాల చట్టం పరిధిలోని మందు. బుప్రెనార్ఫిన్, నలోక్సోన్ (ఓపియాయిడ్ల ప్రభావాన్ని అడ్డుకునే మందు) కలిపిన బిళ్ళను డీఅడిక్షన్ సదుపాయం ఉన్న ఆసుపత్రులకు, కేంద్రాలకు మాత్రమే సరఫరా చేయాలన్న నిబంధన ఉంది. ఎవరైనా బయట తెచ్చి ఇస్తామంటే నమ్మకండి. దానిని మొదలుపెట్టే సమయం కూడా ముఖ్యం. ఒంట్లో ట్రమడాల్ ఇంకా ఉండగానే వేస్తే అప్పటికప్పుడు బాధలు విజృంభిస్తాయి. అందుకని చివరి బిళ్ళ వేసుకుని సాధారణంగా 12 గంటలైనా గడిచి, ఆవులింతలు, చెమటలు కనబడిన తరువాతే డాక్టరు మొదటి మోతాదు ఇస్తారు. నాలుక కింద పూర్తిగా కరిగే వరకు మాట్లాడకూడదు, మింగకూడదు, నీళ్ళు తాగకూడదు. మింగితే దాదాపు వృథా.

ఇంకొక సంగతి, ట్రమడాల్ అలవాటున్న ప్రతివారికీ నెలల తరబడి బుప్రెనార్ఫిన్ అవసరం రాదు. మోతాదు తక్కువగా ఉంటే డాక్టర్లు ట్రమడాల్‌నే కొద్దికొద్దిగా తగ్గిస్తూ, క్లోనిడిన్ వంటి మందులతో బాధలను అదుపు చేస్తూ మాన్పించవచ్చు. పూర్తిగా మానిన తరువాత మళ్ళీ పడిపోకుండా నాల్‌ట్రెక్సోన్ ఇవ్వవచ్చు. ఇది మత్తు మందు కాదు, గ్రాహకాలకు అడ్డుపడే మందు, అలవాటు కాదు. కాకపోతే ఓపియాయిడ్లు మాని 7 నుంచి 10 రోజులు గడిచాకే మొదలుపెట్టాలి, కాలేయ పరీక్ష చేయించాలి, ఇంట్లో ఒకరు దగ్గరుండి మింగించాలి. మింగించేవారు లేని ఇంట్లో నాల్‌ట్రెక్సోన్ కొద్దివారాలకే మూలబడడం నేను చూసిందే. మీ తమ్ముడికి ఏది తగినదన్నది ఫిట్స్ చరిత్రను, మోతాదును చూసి మానసిక వైద్యుడు నిర్ణయించాలి.

రేణిగుంట వాసి

నర్సు గారి అనుభవాన్ని గౌరవిస్తూనే ఒక మాట చెబుతాను. నా సహోద్యోగి ఒకరు ఇటువంటి మందులు ఏవీ లేకుండా, నార్కోటిక్స్ అనానిమస్ (మత్తు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే బృందం) సమావేశాలకు పోతూ, పూర్తిగా మానేశారు. మందు మీద మందు వేసుకుంటూ పోతే ఎప్పటికి బయటపడతారు? పట్టుదల ఉంటే ఇవేవీ అవసరం లేదని నా అభిప్రాయం.

విశ్రాంత నర్సు, తిరుపతి

రేణిగుంట వాసి గారూ, మీ సహోద్యోగి మానగలిగినందుకు సంతోషం. సమావేశాలు, కౌన్సెలింగ్ వద్దని నేను అనలేదు, మందుతో పాటు అవి కూడా కావాలి. కానీ అలా ఒక్కరు బయటపడ్డారని అదే దారి అందరికీ చూపించలేము. ఓపియాయిడ్ల విషయంలో ఏ మందూ లేకుండా మాన్పించి ఇంటికి పంపినవారిలో ఎక్కువమంది తిరిగి మొదలుపెడతారన్నది వైద్యులందరికీ తెలిసిన విషయమే. మద్యానికి, దీనికి ఒక పెద్ద తేడా ఉంది. కొన్ని వారాలు మానిన శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తి పోగొట్టుకుంటుంది. అటువంటి మనిషి ఒక బలహీన క్షణంలో పాత లెక్కనే వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. మానకముందు కంటే మాని బయటికి వచ్చిన తొలి వారాలే ఎక్కువ ప్రమాదం. పట్టుదల ఉన్నవాళ్ళు కూడా ఇందులో చనిపోతున్నారు. పెద్దన్న గారి తమ్ముడు కాణిపాకంలో చేసిన ప్రమాణంలో పట్టుదల లోపించిందని నేను అనుకోను.

ఒక అమ్మ, శ్రీకాళహస్తి

నాయనా, పైన నర్సమ్మ గారు చెప్పిన చివరి మాట మా ఇంట్లో జరిగింది. అందుకే రాస్తున్నాను. మా అబ్బాయి చెన్నైలో చదివేటప్పుడు టాపెంటడాల్ బిళ్ళలు మొదలుపెట్టి, వాటిని నీళ్ళలో కలిపి ఇంజెక్షన్ చేసుకునే వరకు పోయాడు. మేము కూడా నీవు రాసినటువంటి ఒక కేంద్రంలోనే చేర్పించాము. ఊరూ పేరూ చెప్పను. డబ్బు ముందే కట్టించుకున్నారు. తెల్లవారకముందే లేపి వ్యాయామం, ప్రార్థన, ఉపన్యాసం, ఎదురు మాట్లాడితే దెబ్బలు. డాక్టరు వచ్చేవాడా అని అడిగితే మా అబ్బాయికి ఒక్క ముఖం కూడా గుర్తు లేదు. నెలలు గడిచాక బరువు పెరిగి, ముఖం తేటగా వచ్చాడు. మా ఆయన నయమైపోయిందని బంధువులందరికీ చెప్పుకున్నారు.

ఇంటికి వచ్చిన కొద్దిరోజులకే ఎక్కడ సంపాదించాడో, ఎప్పటి మాదిరిగానే అంత మోతాదూ ఎక్కించుకున్నాడు. బాత్రూములో పడి ఉన్నాడు. పెదవులు నీలం తిరిగాయి, గురక మాదిరి ఒక శబ్దం, ఊపిరి ఎప్పుడో ఒకటి. 108 వాళ్ళు వచ్చి ఆసుపత్రికి తీసుకుపోయాక నలోక్సోన్ అనే ఇంజెక్షన్ ఇచ్చారు, కళ్ళు తెరిచాడు. దాని ప్రభావం గంటా గంటన్నరలో తగ్గిపోతుందని, ఒంట్లోని మత్తు మందు అంతకంటే ఎక్కువసేపు ఉంటుందని, అందుకే తెలివి వచ్చినా ఇంటికి పంపించమని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. ఆ సంగతి తెలియక, లేచాడు కదా అని లాక్కొచ్చే ఇళ్ళు ఉంటాయి, అలా చేయకండి.

ఆ డాక్టరమ్మే మమ్మల్ని కూర్చోబెట్టి, అమ్మా ఇది చెడునడత కాదు, జబ్బు, దీనికి మందు ఉంది అని చెప్పి తమిళనాడులోని ఒక ఆసుపత్రికి ఉత్తరం రాసిచ్చింది. అక్కడ బుప్రెనార్ఫిన్, నలోక్సోన్ కలిపిన బిళ్ళ మొదలుపెట్టారు. రెండూ ఎందుకు కలిపారని అడిగితే, నాలుక కింద పెట్టుకుంటే నలోక్సోన్ ఒంటికి దాదాపు పట్టదు, కరిగించి ఇంజెక్షన్ చేసుకోబోతే మాత్రం అది పనిచేసి బాధలు తెప్పిస్తుంది, అంటే మందును దుర్వినియోగం చేయకుండా కాపలా అన్నమాట అని వివరించారు. మొదట్లో తరచుగా రమ్మన్నారు, మూత్ర పరీక్ష చేసేవారు. నిలకడ వచ్చాక ఇంటికి ఇచ్చే బిళ్ళల సంఖ్య పెంచారు. హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు కూడా చేయించారు, సూదులు వాడినవారికి అవి తప్పవు. బిళ్ళలు నా దగ్గర బీరువాలో తాళం వేసి ఉంటాయి, పొద్దున్నే నా ఎదుట నాలుక కింద పెట్టుకుంటాడు, కరిగే వరకు ఇద్దరం ఏమీ మాట్లాడుకోము, ఆ తరువాత కాఫీ. మధ్యలో ఒకసారి జారాడు. డాక్టరు తిట్టలేదు, మందు ఆపలేదు, మోతాదు సరిచేశారు. ఇప్పుడు శ్రీసిటీలో ఒక కంపెనీలో పని చేస్తున్నాడు.

ఇంకా ఎన్నాళ్ళు వేసుకోవాలి అని వాళ్ళ నాన్న ప్రతి పండగకూ అడుగుతారు. ఆయన సుగరు బిళ్ళ గురించి నేను అదే ప్రశ్న అడిగితే మాత్రం కోపం వస్తుంది. పెళ్ళి సంగతి మీ అమ్మగారికి చెప్పండి: చికిత్స వల్ల పేరు బయటికి రాదు నాయనా, బాత్రూములో పడి ఉన్న రోజునే ఊరంతా తెలుస్తుంది.

న్యాయవాది, తిరుపతి

కేసు గురించిన భయానికి సమాధానం రాస్తున్నాను. ట్రమడాల్‌ను 2018 ఏప్రిల్‌లో ఎన్‌డీపీఎస్ చట్టం (నర్సు గారు చెప్పిన మాదకద్రవ్యాల చట్టమే) కింద సైకోట్రోపిక్ పదార్థంగా, అంటే మనసు మీద పనిచేసే నియంత్రిత పదార్థంగా ప్రకటించారు, కాబట్టి చీటీ లేకుండా కొనడం, అమ్మడం చిన్న విషయం కాదు. అయితే అదే చట్టంలోని 64ఏ సెక్షన్, అలవాటు పడిన వ్యక్తి మీద స్వల్ప పరిమాణానికి లేదా వాడకానికి సంబంధించిన అభియోగం ఉన్నా, అతడు స్వచ్ఛందంగా ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన ఆసుపత్రిలో చికిత్స తీసుకుంటే ఆ నేరానికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్సను మధ్యలో వదిలేస్తే ఆ రక్షణను ఉపసంహరించుకునే వీలు కూడా ఉంది. మీ తమ్ముడి మీద అసలు కేసే లేదు, డాక్టరు దగ్గర నిజం చెప్పినందువల్ల కొత్తగా పుట్టదు కూడా. ఓపీ చీటీని, రసీదులను భద్రపరచండి. ఆ సెక్షన్ గుర్తింపు పొందిన సంస్థకే వర్తిస్తుంది కాబట్టి, ప్రభుత్వ ఆసుపత్రిలో మొదలుపెట్టడానికి ఇదొక అదనపు కారణం. ఇతరులకు బిళ్ళలు అమ్మినవాడికి మాత్రం ఈ రక్షణ లేదు. ఆ సంగతి తమ్ముడిని విడిగా అడిగి తెలుసుకోండి.

గోప్యత విషయంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా ఉంది. మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగానికి సంబంధించిన మానసిక స్థితులను ఆ చట్టం మానసిక అనారోగ్యం నిర్వచనంలోనే చేర్చింది, 23వ సెక్షన్ ప్రకారం రోగి వివరాలను వైద్యులు గోప్యంగా ఉంచాలి. పెళ్ళివారు వచ్చి అడిగినా చెప్పకూడదు.

మీ బంధువు చెప్పిన కేంద్రం గురించి కూడా ఒక హెచ్చరిక. ఇటువంటి వ్యక్తులను చేర్చుకుని చికిత్స చేసే సంస్థ ఈ చట్టం కింద నమోదై ఉండాలి, ఆ నమోదు పత్రం చూపించమని అడిగే హక్కు మీకు ఉంది. మేజరైన వ్యక్తి తనంతట తాను చేరవచ్చు, వెళ్ళిపోతానంటే వెళ్ళిపోవచ్చు. అతడు నిర్ణయం తీసుకోలేని తీవ్ర స్థితిలో ఉన్నప్పుడు అతడి తరఫు ప్రతినిధి దరఖాస్తు మీద, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించిన తరువాతే చేర్చుకోవాలి, అది కూడా మొదట 30 రోజులకు మించకూడదు. ఇంటివాళ్ళు డబ్బు కట్టారని మూడు నెలలు తాళం వేసి ఉంచడానికి ఈ చట్టంలో చోటు లేదు. గొలుసులతో కట్టడం, ఒంటరి గదిలో బంధించడం నిషిద్ధం. బలవంతంగా తల గొరిగించడం కూడా నిషిద్ధమే. తిరుపతిలో ఉంటూ ఈ మాట రాయడం వింతగానే ఉంది, కానీ కొండ మీద మనం ఇచ్చే తలనీలాలు మన ఇష్టంతో ఇచ్చేవి.

రాష్ట్ర పోలీసుల ఈగల్ విభాగం నంబరు 1972 మత్తు పదార్థాల సరఫరా మీద సమాచారం ఇవ్వడానికి ఉద్దేశించింది. చికిత్స కోసం ఫోను చేయవలసింది నర్సు గారు చెప్పిన 14446కు. రెండింటినీ కలపకండి.

పెద్దన్న, చిత్తూరు

అందరికీ కృతజ్ఞతలు. శ్రీకాళహస్తి అమ్మగారు రాసింది తమ్ముడికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు, తరువాత తానే రుయాకు పోదామన్నాడు. ఆ ప్రైవేటు కేంద్రం వారికి వద్దని చెప్పేశాము. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. మందు వేసుకుంటూ టెంపో నడపవచ్చా? కాలి నొప్పి ఇప్పటికీ ఉంది, రాడ్ తీయడానికి మళ్ళీ ఆపరేషన్ చేయవలసి వస్తే అప్పుడు ఏ నొప్పి మందు ఇస్తారు?

విశ్రాంత నర్సు, తిరుపతి

మంచి ప్రశ్నలు అడిగారు. మోతాదు కుదురుకునే తొలి రోజుల్లో మగత రావచ్చు కాబట్టి బండి తాళం అతడి చేతికి ఇవ్వవద్దు. కుదిరిన తరువాత చాలామంది మామూలుగా పనులు చేసుకుంటారు, అయినా డ్రైవరు అన్న సంగతి డాక్టరుకు ముందే చెప్పి, ఎప్పటి నుంచి నడపవచ్చో ఆయన నోటితోనే వినండి. రాత్రి బాడుగలు మాత్రం కొన్నాళ్ళు వదులుకోవలసిందే. బిళ్ళ కావాలనిపించేదే ఆ వేళలో అని మీరే రాశారు. ఈ మందుతో పాటు మద్యం, నిద్రమాత్రలు వేసుకుంటే ఊపిరి మందగిస్తుంది. బుప్రెనార్ఫిన్ ఒంటరిగా ఉన్నప్పుడు ఉన్నంత భద్రత అప్పుడు ఉండదు. నిద్ర పట్టడం లేదని ఇంట్లో ఎవరి అల్ప్రాజోలం నిద్రమాత్రో తెచ్చి ఇవ్వకండి.

కాలి నొప్పిని పక్కన పెట్టి వ్యసనానికి ఒక్కదానికే చికిత్స చేస్తే అది నిలవదు. పాత ఎక్స్‌రేలు, ఆపరేషన్ డిశ్చార్జి కాగితం తీసుకుపోయి అదే ఆసుపత్రిలో ఎముకల విభాగంలో కూడా చూపించండి. రాడ్ వల్ల నొప్పా, కండరం బలహీనపడడం వల్లనా అన్నది తేలాలి. ఫిజియోథెరపీతో, పారసిటమాల్ వంటివాటితో సరిపోయే నొప్పి కావచ్చు. ఆపరేషన్ అవసరమైతే, నాల్‌ట్రెక్సోన్ మీద ఉన్నవారికి మామూలు ఓపియాయిడ్ నొప్పి మందులు పనిచేయవు కాబట్టి దానిని కొన్ని రోజుల ముందు ఆపవలసి ఉంటుంది. బుప్రెనార్ఫిన్ మీద ఉన్నవారి విషయంలో ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే డాక్టరు, మానసిక వైద్యుడు మాట్లాడుకుని ఏర్పాటు చేసుకుంటారు. ప్రమాదం జరిగి తెలివి లేకుండా చేరినా తెలిసేలా, వాడుతున్న మందు పేరు రాసిన చీటీ ఒకటి అతడి లైసెన్సు వెనకాల పెట్టించండి.

తమ్ముడికి ఒక్క సంగతి చెప్పండి. 2019లో వెలువడిన జాతీయ సర్వే నివేదిక ప్రకారం మన దేశంలో ఓపియాయిడ్లు వాడుతున్నవారు సుమారు 2.26 కోట్లు, వారిలో సుమారు 77 లక్షల మందికి చికిత్సో సహాయమో అవసరం. ఓపీలో అతడిని ఎవరూ వింతగా చూడరు.

ఓపీ చీటీ ఉదయమే తీసుకోవాలి కాబట్టి చిత్తూరు నుంచి తెల్లవారుజామున బయలుదేరే బస్సు పట్టుకోండి. ఆధార్ కార్డు, పాత మందుల చీటీలు, ఫిట్స్ వచ్చినప్పుడు ఇచ్చిన కాగితం, ఇప్పుడు వాడుతున్న బిళ్ళల ఖాళీ స్ట్రిప్పు వెంట ఉంచుకోండి. ఆ ఉదయం బిళ్ళ వేసుకోవాలా వద్దా అన్నది మీరే నిర్ణయించకండి, ముందు రోజు 14416కు ఫోను చేసి ఫిట్స్ సంగతి చెప్పి అడగండి. దారిలో ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోను చేయండి, నోట్లో ఏమీ పెట్టవద్దు.

పెద్దన్న, చిత్తూరు

సోమవారం పోతున్నాము. నాన్న కూడా వస్తానన్నాడు, ఆయన ప్రశ్న ఆయనే డాక్టరును అడుగుతాడట. అక్కడ ఏ మందు మొదలుపెట్టారో, తరువాతి మందు కోసం ఎక్కడికి రమ్మన్నారో ఇక్కడే రాస్తాను, మా వైపు ఇంకెవరైనా వెతుకుతూ ఉంటే పనికివస్తుంది.